ముందే లేచిన భుజం

ఫిబ్రవరి 3, సోమవారం

నిద్ర సరిగ్గా పట్టడం లేదంటే డాక్టరు మాత్రలేమీ ఇవ్వలేదు. ఏదో ఒకటి రాసుకోమన్నాడు. ఏం రాయాలండీ అంటే, పగలంతా ఏం చేశావో అదే రాయి అన్నాడు. ఇలాంటి వైద్యం నాకూ వచ్చు.

సరే, పగలంతా చేసింది ఇది. కొత్త వీడియో గేమ్ పని మొదలైంది. గోదాంలో కొట్లాట, మెట్ల మీద కొట్లాట, వంటగదిలో కొట్లాట. మనుషులు మాట్లాడుకుని కూడా తగువు తీర్చుకోవచ్చని ఈ కథ రాసినవాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. హీరోయిన్ మా వదిన, విలన్ మా అన్నయ్య. మొహాలు వాళ్ళవి కావు, ఒళ్ళు మాత్రం వాళ్ళది. నల్లటి బిగుతు సూట్ల మీద మెరిసే చిన్న బంతులు అంటించుకుని హాలు మధ్యలో కొట్టుకుంటారు. గోడల మీదున్న కెమెరాలకి ఆ బంతులు తప్ప ఇంకేమీ కనపడవు. ఆ చుక్కలన్నీ నా కంప్యూటర్లోకి వస్తాయి. చుక్కల్ని కలిపితే ఎముకల బొమ్మ. ఆ బొమ్మకి చర్మం, బట్టలు వేరేవాళ్ళు తొడుగుతారు.

నాది మధ్యలో పని. మోచేతి చుక్క మోకాలి మీదికి దూకితే వెనక్కి తేవడం, పాదం నేల మీద జారిపోతే ఆపడం, అనవసరమైన వణుకు తుడిచెయ్యడం. అందుకే కెమెరాలు చూసుకునే సోడాబుడ్డి నాకు చీపురు అని పేరు పెట్టాడు. వాడి కళ్ళద్దాలు చూసి వాడికి పేరు పెట్టింది నేనే కాబట్టి చెల్లుకు చెల్లు.

పొద్దున్న అన్నయ్య కొత్తవాళ్ళందరికీ పాఠం చెప్పాడు. మామూలు సినిమాలో కెమెరా ఒక పక్కనుంచే చూస్తుంది, పిడికిలికీ దవడకీ మధ్య జానెడు ఖాళీ ఉన్నా తగిలినట్టే ఉంటుంది. ఇక్కడ చుట్టూ కెమెరాలే. ఆడేవాడు బొమ్మని ఎటు తిప్పి చూస్తాడో తెలియదు. దాచడానికి మూల అంటూ లేదు. పిడికిలి చర్మం దాకా రావాలి, తగలకూడదు. "కొట్టడం ఎవడైనా కొడతాడు. ఫైటు నిలబడేది దెబ్బ తినేవాళ్ళ మీద" అన్నాడు. స్టూడియోలో అందరూ మాస్టర్ అంటారు అన్నయ్యని. వింటుంటే నాకు ఛాతీ ఉప్పొంగింది.

ఫిబ్రవరి 4, మంగళవారం

మొదటి సీను చూసి డైరెక్టర్ మేడం మొహం అదోలా పెట్టింది. విలన్ చెయ్యి ఇంకా కదలలేదు, హీరోయిన్ ఎడమ భుజం లేచిపోయింది, గడ్డం లోపలికి పోయింది. దెబ్బ రాకముందే ముడుచుకుపోయినట్టు. "ఈ అమ్మాయి ఎవరికీ భయపడదు కదా. ఇదేంటి?" అంది.

ఇదెంత పని. వదిన కదలికని కొద్ది ఫ్రేములు వెనక్కి జరిపాను. ఇప్పుడు ముందు చెయ్యి లేస్తుంది, తర్వాత భుజం లేస్తుంది. మేడం చూసి శభాష్ అంది.

ఫిబ్రవరి 6, గురువారం

మళ్ళీ అదే. మెట్ల సీనులోనూ అదే భుజం, అదే గడ్డం.

టీ దగ్గర వదినని అడిగాను. ఒక్క క్షణం నా వంక చూసి, "రిహార్సల్స్ ఎక్కువైపోయాయి మరిదీ, ఒళ్ళు ముందే చదివేసుకుంటోంది" అంది. నిజమే. ఇద్దరూ ఇంట్లో కూడా సాధన చేస్తారు. మేడంకి అదే చెప్పాను. ఆవిడ ఒప్పుకుంది. నేనూ ఒప్పుకున్నాను.

వదిన అసలు జిమ్నాస్ట్. గాల్లో రెండు పిల్లిమొగ్గలు వేసి, దిగాక జడ సర్దుకునేంత తీరిక ఉంటుంది ఆమెకి. అలాంటి మనిషి టైమింగు తప్పడం ఏమిటో అర్థం కాదు. సాధన ఎక్కువైతే తప్పుతుందేమో. అదే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 10, సోమవారం

ఫ్రేములు జరపడంలో నా చెయ్యి ఇంత బాగా ఎలా కుదిరిందని మేడం అడిగింది. చిన్నప్పటి ఆట గురించి చెప్పాను. అన్నయ్య నన్ను గోడకి ఆనించి నిలబెట్టి చెయ్యి విసిరేవాడు. చెయ్యి చెవి పక్కకి వచ్చి ఠక్కున ఆగేది. కళ్ళు ముయ్యకపోతే నేను గెలిచినట్టు, మూస్తే ఒకటి పడుతుంది. "పడుతుంది అంటే?" అందావిడ. ఆటలో భాగమండీ, అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఆటలు ఆడని ఇంట్లో పెరిగిందేమో.

అన్నయ్య నన్ను ఎప్పుడూ కొట్టలేదు. రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఆవిడ చూసిన చూపు నాకు నచ్చలేదు. అమ్మ డ్యూటీలకి పోతే నాకు స్నానం చేయించిందీ, గుడ్లు ఉడకబెట్టి పెట్టిందీ, జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తిందీ అన్నయ్యే. బడికి పోయేటప్పుడు చొక్కా పై గుండీ పెట్టి, దాని మీద చిటికేసి "వెళ్ళు హీరో" అనేవాడు. ముక్కు మీద కోపం ఉంటే ఉండనీ, మనసు వెన్న.

సోడాబుడ్డి మళ్ళీ నా ఎడమ పక్కన కూర్చుని ఏదో గొణిగాడు. వీడికి ఎన్నిసార్లు చెప్పాలి, ఆ చెవి మందమని. చిన్నప్పుడు జలుబు ముదిరి అలా అయింది.

ఫిబ్రవరి 13, గురువారం

గోదాం సీను. భుజం. సరిచేశాను.

ఫిబ్రవరి 15, శనివారం

మధ్యాహ్నం అన్నయ్య వాళ్ళింట్లో భోజనం. అన్నయ్య మంచి హుషారుగా ఉన్నాడు. డైరెక్టర్ మేడం నడకని అనుకరించి చూపిస్తే పొలమారింది నాకు. వదిన కూడా నవ్వింది.

తర్వాత వంటగదిలో వదిన చేతిలోంచి గాజు గ్లాసు జారి భళ్ళున పగిలింది. అన్నయ్య ముక్కుతో గాలి పీల్చాడు. అంతే, ఇంకేమీ లేదు. కానీ గది అంతా ఆగిపోయినట్టయింది. వదిన సింకు దగ్గర కదలకుండా నిలబడిపోయింది. నేనెప్పుడు లేచానో నాకే తెలియదు, వెళ్ళి చీపురు తెచ్చాను. అన్నయ్య పకపకా నవ్వి, "చూశావా, పేరు సార్థకం చేసుకున్నాడు మీ మరిది" అన్నాడు. అందరం నవ్వాం.

పడకగది తలుపుకి కొత్త గడియ వేశారు. పాతది ఊడిపోయిందట. చెక్క చీలి ఉంది. చెదలేమో.

ఫిబ్రవరి 18, మంగళవారం

అన్నయ్యకి పంటి నొప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పని ఆగకూడదని వంటగది సీనులో విలన్‌గా ఫైటర్లలో మేం పొడుగోడు అని పిలిచేవాణ్ణి పెట్టారు. తాడిచెట్టంత మనిషి, పిడికిలి కొబ్బరికాయంత ఉంటుంది. ఎదురుగా వస్తుంటే చూస్తున్న నేనే ఓ అడుగు వెనక్కి వేశాను.

వదిన బెదరలేదు. వాడి చెయ్యి లేచింది, వచ్చింది, చర్మం దాకా వచ్చాక అప్పుడు వదిన వాలింది. కడిగిన ముత్యంలా వచ్చింది టేకు. నేను తుడవడానికి ఏమీ మిగల్లేదు. మేడం అందరి ముందూ చప్పట్లు కొట్టి, "ఇన్నాళ్ళూ నేను అడిగింది ఇదే" అంది. సరిగ్గా అప్పుడే అన్నయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. దవడ పట్టుకుని తెర మీద మొత్తం చూశాడు. "బాగుంది, చాలా బాగుంది" అని పొడుగోడి వీపు తట్టాడు. ముక్కుతో గాలి పీల్చాడు. వదిన గబగబా సూటు మీది బంతులు ఊడదీసుకోవడం మొదలుపెట్టింది.

పొడుగోడి ముందు లేవని భుజం అన్నయ్య ముందు ఎందుకు లేస్తుంది? ఇద్దరూ ఇంట్లో సాధన చేస్తారు కాబట్టి. అది చెప్పుకున్నాం కదా. మళ్ళీ మళ్ళీ ఎందుకు అడుగుతున్నానో.

ఫిబ్రవరి 19, బుధవారం

వదిన రాలేదు. బాత్రూంలో కాలు జారిందట, మణికట్టు వాచిందట. అన్నయ్య చెప్పాడు. ఆ పలకలు నున్నగా ఉంటాయి అన్నాను.

కింద రబ్బరు చాప ఉంది. కొనిచ్చింది నేనే.

ఫిబ్రవరి 21, శుక్రవారం

వదిన లేదు, ఆఖరి ఫైటుకి దూరాలు చూసుకోవాలి. "నువ్వు తొడుక్కోరా. నీకు కొత్తగా నేర్పక్కర్లేదు" అన్నాడు అన్నయ్య. సోడాబుడ్డి వెంటనే వెళ్ళి సూటు తెచ్చాడు. నా పొట్ట చూసి వాడు వేసిన జోకు ఇక్కడ రాయను.

చేతులు రెండూ పక్కలకి చాచి బొమ్మలా నిలబడాలి ముందు, కెమెరాలు మనిషిని గుర్తుపట్టడానికి. ఎదురుగా అన్నయ్య కూడా అలాగే నిలబడ్డాడు. ఇద్దరం అలా చేతులు చాచుకుని ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటుంటే కౌగిలించుకోబోతున్నట్టుంది. నవ్వొచ్చింది. అన్నయ్య దగ్గరికొచ్చి నా మెడ దగ్గర సూటు పట్టీ సరిచేసి, దాని మీద చిటికేశాడు. "వెళ్ళు హీరో."

మూడు దెబ్బలు, ఒక పడిపోవడం. చాలా బాగా చేశానని నాకే అనిపించింది. కాస్త కూడా బెదరలేదు. కళ్ళు ముయ్యలేదు. మేడం మెచ్చుకుంది. అన్నయ్య అందరికీ చెప్పాడు, వీణ్ణి తయారు చేసింది నేనే అని.

ఇంటికొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు. అలసట.

ఫిబ్రవరి 24, సోమవారం

ఏదో పొరపాటు జరిగింది. శుక్రవారం ఫైలు తెరిస్తే అందులో వదిన ఉంది.

అంటే, నేను చేసిన ఫైటులో దెబ్బ తినే బొమ్మ ఎడమ భుజం అన్నయ్య చెయ్యి కదలకముందే లేచింది. గడ్డం లోపలికి పోయింది. ఇన్నాళ్ళుగా నేను జరుపుతున్న కదలిక అదే. నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఫైళ్ళు కలిసిపోయాయని సోడాబుడ్డి మీద ఎగిరాను. వాడు పాపం ఓపిగ్గా తేదీ చూపించాడు, ఎత్తు చూపించాడు, నడుం కొలత కూడా చూపించాడు. "ఇంత నడుం మీ వదినకి ఎక్కడిది చీపురూ" అన్నాడు. కెమెరాలకీ రికార్డింగుకీ మధ్య ఆలస్యం ఉందేమో చూడమన్నాను. చూశాడు. లేదు.

నేను బెదరలేదు. నాకు గుర్తుంది, నేను బెదరలేదు. నా ఒంట్లో ఉన్నది నేనే కదా, నాకు తెలియకుండా ఎలా?

వరసగా మూడు దెబ్బలకీ లేచింది.

ఫిబ్రవరి 26, బుధవారం

నిన్నంతా పని మానేసి పాత ఫైళ్ళు తీశాను. తల ప్రాణం తోకకొచ్చింది. అన్నయ్య చేతిలో పొడుగోడు దెబ్బ తిన్న సీన్లు చూశాను, వాడి భుజం లేవదు. కొత్తగా చేరిన కవల అక్కచెల్లెళ్ళు దెబ్బ తిన్నవి చూశాను, వాళ్ళకీ లేవదు. వాళ్ళందరూ చెయ్యి చూశాకే ముడుచుకుంటారు. ఇద్దరికే ముందు లేస్తుంది. వదినకి, నాకు.

చెయ్యి కదలకపోతే మరి మేం దేన్ని చూసి ముడుచుకుంటున్నాం? అన్నయ్య బొమ్మని ఫ్రేము ఫ్రేముగా వెనక్కి తిప్పాను. కాళ్ళు కదల్లేదు. నడుం కదల్లేదు. ఛాతీ మీది చుక్కలు మాత్రం కొంచెం పైకి లేచాయి. గాలి పీల్చాడు. ముక్కుతో.

ఆ తెరలో శబ్దం ఉండదు. అయినా నాకు వినిపించింది. ఎడమ చెవికి కూడా.

ఎవరి ముందైనా అన్నయ్య గాలి అలాగే పీలుస్తాడు. ఆ ఊపిరి తర్వాత ఏం వస్తుందో ఒంటికి తెలిసినవాళ్ళం మాత్రం ఇద్దరమే.

ఫిబ్రవరి 26, మళ్ళీ

అది ఆట.

ఫిబ్రవరి 27, గురువారం

పొద్దున్న అన్నయ్య నాకు చెప్పులు కొనుక్కొచ్చాడు. నా పాతవి అరిగిపోయాయని ఎప్పుడు చూశాడో. సరిగ్గా సరిపోయాయి. వేసుకుని కూర్చుని ఏడ్చాను, బాత్రూంలో, కుళాయి తిప్పి.

నాకేమీ అర్థం కావడం లేదు. ఇంత ప్రేమ ఉన్నవాడు అలాంటివాడెలా అవుతాడు? బహుశా కాడేమో. బహుశా నేనే ఒక భుజం చూసి గోరంతని కొండంత చేస్తున్నానేమో. నేను పుట్టుబెదురుగొడ్డునేమో, వదినకీ నాకూ అదే జబ్బేమో.

ఆ ఆట ఎన్నిసార్లు ఆడామో లెక్కలేదు గానీ, నేనెప్పుడైనా గెలిచానా అని ఇవాళ ఆలోచించాను. గుర్తు రావడం లేదు. కళ్ళు ముయ్యకపోయినా, మూశావు, నేను చూశాను అనేవాడు. జలుబు గుర్తు తెచ్చుకోవాలని కూడా చూశాను. చెవిలో మందు చుక్కలు వేసిన నర్సు గుర్తుంది, ఎలా తగిలింది బాబూ అని ఆమె అడగడం గుర్తుంది. జలుబు చేస్తే ఎలా తగిలింది అని ఎవరూ అడగరు. నా వెనక నిలబడి, మెట్ల మీంచి పడ్డాడండీ అని చెప్పింది అన్నయ్య.

అప్పుడు మేమున్న ఇంటికి మెట్లు లేవు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

వదిన వచ్చింది, మణికట్టుకి పట్టీ వేసుకుని. అన్నయ్య పైన మీటింగులో ఉన్నాడు. నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఏమీ చెప్పకుండా తెర మీద రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టాను. అన్నయ్య బొమ్మని తీసేశాను. ఎదురుగా ఎవరూ లేరు. రెండు బొమ్మలూ ఒకేసారి ఎడమ భుజం ఎత్తి గడ్డం దాచుకున్నాయి.

వదిన మళ్ళీ వెయ్యమంది. వేశాను. మళ్ళీ వెయ్యమంది.

"ఈ పక్కది నేను. అది ఎవరు?"

"నేనే."

తెర వైపే చూస్తోంది. నా వైపు తిరగకుండానే అడిగింది.

"నీక్కూడా వినిపిస్తుందా?"

ఏమిటని నేను అడగలేదు. తల ఊపాను. ఆమె చూడలేదేమో అని నోటితో కూడా చెప్పాను, వినిపిస్తుందని.

తర్వాత ఆమే చెప్పింది. నేను సరిచేసిన సీన్లన్నీ ఆమె చూస్తూనే ఉందట. మొదటి సీను రోజే, మరిదికి తెలిసిపోయింది అనుకుందట. రెండోది కూడా సరిచేశాక, తెలిసే తుడిచేస్తున్నాడు, వాళ్ళ అన్నయ్య కదా అనుకుందట. టీ దగ్గర నేను అడిగినప్పుడు, ఏం చెప్పాలో నేర్పడానికి వచ్చాననుకుని రిహార్సల్స్ మాట చెప్పిందట.

"నాకు తెలీదు వదినా" అన్నాను.

"సరే" అంది. నమ్మిందో లేదో తెలియదు. నేను నమ్మానో లేదో కూడా నాకు తెలియదు. తెలియకపోతే ఆ చీపురు ఎందుకు తెచ్చాను ఆ రోజు?

పట్టీ ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మామూలు విషయం అడిగినట్టు అడిగింది. ఆదివారం మీ అన్నయ్య షూటింగు పని మీద ఊళ్ళో ఉండడు, నీ పెద్ద సూట్‌కేసు కావాలి అని. ఇస్తానన్నాను. తీసుకెళ్ళి దింపుతానని కూడా అన్నాను.

"దింపితే ఎక్కడున్నానో నీకు తెలుస్తుంది. ఆయన అడుగుతాడు. నువ్వు ఇంతవరకూ ఆయన అడిగింది ఏదైనా చెప్పకుండా ఉన్నావా?"

ఆలోచించాను. ఒక్కటీ తట్టలేదు.

"నేనెక్కడున్నానో ఆయనకి తెలిస్తే ఈసారి మణికట్టుతో పోదు" అంది. గొంతు పెంచలేదు. బస్సు ఎన్నింటికి అన్నట్టు చెప్పింది.

అయినా దింపుతానన్నాను.

మార్చి 2, ఆదివారం

దింపాను. ఎక్కడో ఇక్కడ రాయను.

దారిలో వదిన కిటికీ దగ్గర కూర్చుని నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా. అంత పెద్ద కుదుపులకి కూడా లేవలేదు. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ సీటు చూస్తే నేనేదో దొంగతనం చేసినట్టు అనిపించింది. అన్నయ్య ఇల్లు ఖాళీ చేసింది నేనే కదా. కాళ్ళకి ఆయన కొన్న చెప్పులే ఉన్నాయి.

ఇది సరైన పనే అని ఎవరైనా ఒక్కసారి గట్టిగా చెబితే బాగుండు. కుడి పక్కనుంచి.

మార్చి 3, సోమవారం

వదిన సీన్లన్నిటికీ నేను చేసిన సవరణలు తీసేశాను. భుజం ఎప్పుడు లేచిందో అప్పుడే లేస్తుంది ఇప్పుడు. మేడం చూసి, ఇవన్నీ మళ్ళీ తప్పుగా వచ్చాయేంటి అంది.

"తప్పు కాదండీ. ఆమె చేసింది అదే" అన్నాను. పక్కనే నా ఫైలు కూడా పెట్టాను.

ఆవిడ రెండూ చూసింది. తలుపు వేసి వచ్చి మళ్ళీ చూసింది. గోడకి ఆనించి నిలబెట్టే ఆట గురించి ఇంకోసారి చెప్పమంది. చెప్పాను, ఈసారి ఆట అనే మాట వాడకుండా. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆఖర్న ఆవిడ, విలన్ సీన్లన్నీ పొడుగోడితో మళ్ళీ తీస్తానంది, మాస్టర్‌తో తనే మాట్లాడతానంది. నేను అన్నయ్య అన్నంలో మన్ను కొట్టానా? బాగా చేశానా? రెండూ చేశానేమో.

మార్చి 4, మంగళవారం

ఫోను మోగుతూనే ఉంది. ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా అబద్ధమే అనిపిస్తోంది.

మార్చి 5, బుధవారం

సాయంత్రం వచ్చాడు. తలుపు తీస్తే అన్నయ్య. గడ్డం పెరిగిపోయింది, కళ్ళు వాచిపోయాయి. రెండు రోజులుగా ఏమీ తిన్నట్టు లేడు. "నాకెవరున్నార్రా నువ్వు తప్ప" అన్నాడు. అది నిజం. నాక్కూడా అంతే. లోపలికి రమ్మనబోయాను, నోటి దాకా వచ్చింది. ఎందుకో గుమ్మంలోంచి పక్కకి జరగలేదు.

చాలా మెత్తగా మాట్లాడాడు. ఇకమీదట అలా జరగదన్నాడు. ఎలా జరగదో చెప్పలేదు. నా చొక్కా పై గుండీ ఊడి ఉంటే పెట్టాడు. గుండీ కన్నంలో పట్టలేదు, మళ్ళీ ప్రయత్నించాడు. దాని మీద చిటికేశాడు. నేను కరిగిపోయాను, ఒప్పుకుంటున్నాను. ఆ క్షణంలో ఊరి పేరు నాలుక చివర ఉంది.

"ఎక్కడుందో చెప్పరా."

"చెప్పను అన్నయ్యా."

ఇది నా గొంతేనా అనిపించింది. ఆయనకీ అలాగే అనిపించి ఉంటుంది, అర్థం కానట్టు చూశాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను.

ముక్కుతో గాలి పీల్చాడు.

నా ఎడమ భుజం లేచింది. ఈసారి తెలుస్తూనే ఉంది, లేవడం, గడ్డం దిగడం, అన్నీ. చెయ్యి ఇంకా కదలనే లేదు. దించాలని చూశాను, దిగలేదు. పోనీ, లేచి ఉండనీ అనుకుని అలాగే నిలబడ్డాను, రెండు చేతులూ చాచి గుమ్మం అటూ ఇటూ పట్టుకుని.

చెయ్యి వచ్చింది. చెవి పక్కన ఆగలేదు. ఎడమ చెవే, అది ఎప్పుడో పోయింది కాబట్టి పెద్ద తేడా తెలియలేదు. తర్వాత అన్నయ్య తన చెయ్యి తనే చూసుకుని, మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను తలుపు వేసుకున్నాను. గ్లాసులో మంచినీళ్ళు పోశాను, ఆయనకివ్వాలని. గ్లాసు పట్టుకుని తలుపు ఇవతల నిలబడి, ఏడుపు ఆగి అడుగులు కిందికి దిగిపోయేదాకా విని, ఆ నీళ్ళు నేనే తాగాను.

కళ్ళు మూసుకున్నాను, దెబ్బకి ముందే. ఆట ప్రకారం ఓడిపోయినట్టే. ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.